బెంగళూరులో కాష్మీర్ స్వెటర్ కొంటున్నారా? నాణ్యత, సైజు చూసుకునే పద్ధతి ఇదీ

కాష్మీర్ స్వెటర్ కొనడానికి వెళ్లినవాళ్లంతా మొదట చేసే పని ఒకటే, దాని మీద అరచేయి పెట్టి నిమరడం. "ముట్టుకుని చూడండి మేడం, వెన్నలా ఉంటుంది" అని షాపతను కూడా అదే చేయిస్తాడు. చేతికి మెత్తగా తగిలిందంటే సగం బేరం అయిపోయినట్టే. గార్మెంట్ ఎగుమతుల్లో క్వాలిటీ చెకింగ్ చేసే మనిషిగా చెబుతున్నాను, షాపులో తగిలే ఆ మెత్తదనమే అన్నిటికంటే నమ్మకూడని గుర్తు. దాన్ని ఎందుకు నమ్మకూడదో, దాని బదులు ఏం చూడాలో, మన ఒంటికీ మన కట్టుకీ సరిపడేది ఎలా ఎంచుకోవాలో వరసగా చెబుతాను.

ముందు ఒక్క విషయం తెలిస్తే ధర ఎందుకంత ఉంటుందో అర్థమవుతుంది. కాష్మీర్ అంటే మేక పైబొచ్చు కాదు. విపరీతమైన చలి ప్రాంతాల్లో పెరిగే మేకలకు పైబొచ్చు కింద ఇంకో సన్నటి పొర పెరుగుతుంది. వసంతంలో ఆ పొర దానంతటదే ఊడడం మొదలవగానే దువ్వి తీస్తారు. శుభ్రం చేశాక ఒక మేకకు ఏడాదికి మిగిలేది దాదాపు 150, 200 గ్రాములే. ఒక స్వెటర్‌కి రెండు నుంచి నాలుగు మేకల ఊలు కావాలి. ఎక్కువ భాగం చైనా, మంగోలియాల నుంచి వస్తుంది. మన దేశంలో లద్దాఖ్‌లోని చాంగ్‌థాంగ్ మేకల నుంచి వస్తుంది.

ఎక్కడ వేసుకుంటారో ముందే తేల్చుకోండి

బెంగళూరు చలి మరీ పెద్దదేం కాదు. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు ఉంటుంది, మధ్యాహ్నానికి ఎండ వచ్చేస్తుంది. ఈ ఊళ్లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. ఇక్కడ వేసుకోవడానికి లావుపాటి స్వెటర్ కొంటే ఉదయం ఎనిమిదింటికల్లా విప్పి చేతిలో పట్టుకుని తిరగాల్సిందే.

అందుకని షాపులో రెండు మాటలు అడగండి, గేజ్ ఎంత, ప్లై ఎంత అని. అల్లిక మిషన్ మీద అంగుళానికి ఎన్ని సూదులు ఉంటాయో అది గేజ్. 12 గేజ్ అంటే సన్నటి అల్లిక. 7, 5 అంటే లావు అల్లిక. ఎన్ని పోగులు కలిపి పేని దారం చేశారో అది ప్లై. రెండు ప్లై, 12 గేజ్ స్వెటర్ ఈ ఊరి చలికీ, ఆఫీసు ఏసీకీ, విమానంలో కూర్చోవడానికీ సరిగ్గా సరిపోతుంది. ఒకే పోగు దారంతో అల్లింది మాత్రం వద్దు. ఉతికాక పక్కకి మెలితిరుగుతుంది, తొందరగా చిల్లులు పడుతుంది. అలాగని నాలుగు ప్లై ఉంటే రెండు ప్లై కంటే మంచి సరుకని కాదు. అది మందం లెక్కే తప్ప నాణ్యత లెక్క కాదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు కొంటున్నా నేను సన్నదే సిఫారసు చేస్తాను. అక్కడ ఇళ్లలో, కార్లలో హీటర్ ఉంటుంది. బయటికి వెళ్లేటప్పుడు పైన కోటు ఎలాగూ తప్పదు. కోటు కింద లావు స్వెటర్ ఉంటే చేతులు కూడా మడవలేరు.

లేబుల్ చదవండి, బోర్డు కాదు

మెడ దగ్గర ఉండే లేబుల్ మీద కంపెనీ పేరు ఉంటుంది. అసలు సమాచారం లోపల పక్క కుట్టులో ఉండే చిన్న లేబుల్ మీద ఉంటుంది. అక్కడ శాతాలు చూడండి. "100% కాష్మీర్" అని స్పష్టంగా ఉండాలి. "కాష్మీర్ టచ్", "కాష్మీర్ ఫీల్", "కాష్మీర్ లైక్" అని ఉంటే అందులో కాష్మీర్ ఉందని ఎవరూ మాట ఇవ్వలేదని గుర్తుపెట్టుకోండి. కాష్మిలాన్ అని కూడా కనిపిస్తుంది. అది ఆక్రిలిక్ అనే కృత్రిమ దారం, మేకతో దానికి సంబంధం లేదు. అమ్మమ్మలు పిల్లలకు స్వెటర్లు అల్లిన ఊలు ఉండల్లో చాలావరకు అదే.

ఐదు, పది శాతం కాష్మీర్ కలిపి, మిగతాది విస్కోసో నైలానో ఉన్న స్వెటర్లు మాల్స్‌లో చాలా ఉంటాయి. ఆ ఐదు శాతం లేబుల్ మీద పేరు కోసం వేసిందే. దానికోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. 70 శాతం మెరినో (సన్నటి రకం గొర్రె ఊలు), 30 శాతం కాష్మీర్ అని ఉంటే అది వేరే సంగతి. అది గట్టిగా నిలిచే మంచి కలయిక. "రీసైకిల్డ్ కాష్మీర్" అని ఉంటే పాత బట్టలు చీల్చి తీసిన పోచలతో (ఫైబర్‌తో) చేసిందన్నమాట. చీల్చినప్పుడు పోచలు తెగి పొట్టివవుతాయి కాబట్టి కింద చెప్పబోయే పరీక్షలు దానికి ఇంకా గట్టిగా చేయాలి.

చిత్రకళా పరిషత్‌లో జరిగే ఎగ్జిబిషన్లలోనో, కమర్షియల్ స్ట్రీట్ పక్క సందుల్లోనో "ఒరిజినల్ కశ్మీర్ పష్మీనా స్వెటర్, జీఐ ఉంది" అని ఎవరైనా చెబితే కాస్త ఆగండి. కశ్మీర్ పష్మీనాకు ఉన్న జీఐ (ఫలానా ప్రాంతపు సరుకే అని ఇచ్చే) గుర్తింపు చేత్తో వడికి, చేతిమగ్గం మీద నేసిన శాలువల్లాంటి వాటికి. మిషన్ మీద అల్లిన స్వెటర్‌కి అది వర్తించదు. ఉంగరంలోంచి దూర్చి చూపించే పరీక్ష కూడా పనికిరాదు. పల్చటి విస్కోస్ స్టోల్ కూడా ఉంగరంలోంచి హాయిగా దూరుతుంది.

చలికాలంలో వచ్చే టిబెటన్ల స్వెటర్ స్టాళ్ల గురించి కూడా చెప్పాలి. అక్కడి సరుకు ఎక్కువగా లుధియానా నుంచి వస్తుంది, ఆక్రిలిక్ లేదా ఊలు కలిసిన రకం. రోజువారీ వాడకానికి, స్కూలు పిల్లలకు అక్కడ కొనుక్కోండి. కాష్మీర్ కోసం మాత్రం అక్కడ వెతకకండి.

చేత్తో చేసే పరీక్షలు

ఇక అసలు విషయం. మెత్తదనం రెండు రకాలుగా వస్తుంది. పోచ సన్నగా ఉంటే వచ్చేది ఒకటి. మంచి కాష్మీర్ పోచ మందం 14 నుంచి 16 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అమెరికా చట్టం ప్రకారం సగటు 19 మైక్రాన్లు దాటితే దాన్ని కాష్మీర్ అని అమ్మడానికే లేదు. రెండో రకం ఫ్యాక్టరీలో తెప్పించేది. అల్లిక పూర్తయ్యాక స్వెటర్‌ని నీళ్లలో తిప్పి తిప్పి నూగు పైకి లేపుతారు, సాఫ్ట్‌నర్ పట్టిస్తారు. కొంచెం చేస్తే అవసరమే. అతిగా చేస్తే షాపులో మబ్బులా మెత్తగా తగిలి, నాలుగు సార్లు తొడిగేసరికి ఒళ్లంతా ఉండలు కడుతుంది. స్కాట్లాండ్ పాత మిల్లుల స్వెటర్లు కొత్తలో కాస్త బిరుసుగా, పొడిగా అనిపిస్తాయి. వాడేకొద్దీ, ఉతికేకొద్దీ మెత్తబడతాయి. అందుకే రెండు స్వెటర్లు పక్కపక్కన పెట్టినప్పుడు, చేతికి తక్కువ మెత్తగా తగిలేదే కొన్నిసార్లు మంచిది.

ఉండలు కట్టడానికి అసలు కారణం పోచ పొడవు. స్వెటర్‌కి వాడే మంచి పోచ 34, 36 మిల్లీమీటర్లు, అంతకుమించి ఉంటుంది. పొడవు పోచ దారంలో మెలికల మధ్య గట్టిగా ఇరుక్కుని ఉంటుంది. పొట్టి పోచ కొస రాపిడికి బయటికి జారి, పక్క పోచల కొసలతో కలిసి ఉండగా మారుతుంది. పొడవు కంటికి కనిపించదు కానీ, దాని లక్షణం చేతికి తెలుస్తుంది.

చేతులకు క్రీమ్, నూనె లేకుండా చూసుకోండి. స్వెటర్‌ని తిరగేసి, లోపలివైపు పక్క కుట్టు దగ్గర ఒకచోట చూపుడు వేలితో పదిహేను, ఇరవై సార్లు ఒత్తకుండా గుండ్రంగా రుద్దండి. షాపతన్ని అడిగి చేయండి, లోపలివైపు కాబట్టి సాధారణంగా అభ్యంతరం చెప్పరు. అప్పుడే పోచలు చుట్టుకుని సన్నటి నలుసుల్లా పైకి వచ్చాయంటే పోచ పొట్టిది. వేలికి పోచలు అంటుకుని వస్తున్నా అంతే. కాస్త నూగు లేచి ఆగిపోతే ఫరవాలేదు.

తర్వాత కింది అంచు నుంచి ఒక జానెడు పైన రెండు చేతులతో పట్టుకుని, రెండంగుళాలు సాగదీసి వదలండి. వెంటనే యథాస్థానానికి వచ్చేయాలి. నెమ్మదిగా, బద్ధకంగా వస్తే, లేదా సాగిన గుర్తు మిగిలిపోతే అల్లిక వదులుగా ఉంది. దారం ఆదా చేయడానికి చేసే పని ఇది. చేతి అంచుల్లో గీతలు గీతలుగా సాగే పట్టీని (రిబ్‌ని) కూడా ఇలాగే సాగదీసి చూడండి. మొదట పాడయ్యేది అదే.

మూడోది వెలుతురు. మాల్ లైట్ల కింద ఏ స్వెటరైనా బాగానే కనిపిస్తుంది. వీపు భాగాన్ని అద్దాల తలుపు దగ్గరికి తీసుకెళ్లి పగటి వెలుతురుకి ఎత్తి పట్టండి. సన్నటి అల్లిక కాబట్టి కొంత వెలుతురు రావడం సహజం. అది అంతటా ఒకేలా రావాలి. ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా, లేదా నిలువు గీతల్లా కనిపిస్తే వద్దు. ఒకే సైజు, ఒకే గేజ్ ఉన్న రెండు స్వెటర్లు దొరికితే రెండు చేతుల్లో ఒక్కోటి పట్టుకుని బరువు చూడండి. బరువుగా ఉన్నదాంట్లో దారం ఎక్కువ పడింది. మగవాళ్ల మీడియం సైజు సన్న స్వెటర్ సుమారు 250 గ్రాములు, ఆపైన ఉంటే మంచి లెక్క. కొన్ని కంపెనీలు బరువు రాస్తాయి కూడా.

నాలుగోది మెడ. చేతి చర్మం మొరటుది. గడ్డం కింద, మెడ పక్కన ఆనించి అర నిమిషం ఉంచండి. సన్నగా గుచ్చుకుంటుంటే లావు పోచలు కలిశాయి. దువ్వి తీసిన బొచ్చులోంచి పైబొచ్చు పోచల్ని పూర్తిగా ఏరకపోతే ఇలా జరుగుతుంది. వెలుతురులో చూస్తే ఆ పోచలు నిటారుగా, బిరుసుగా బయటికి పొడుచుకుని కనిపిస్తాయి కూడా.

ముదురు రంగు కొంటుంటే తెల్ల జేబురుమాలుతో లోపలివైపు రుద్ది చూడండి, రంగు అంటుతుందేమో. సహజమైన తెలుపు, లేత గోధుమ, బూడిద రంగులకు అద్దకం తక్కువ కాబట్టి పోచ దెబ్బతినదు. ఒకే కంపెనీ ఒకే రకంలో నలుపుదీ, గోధుమరంగుదీ ముట్టుకుంటే తేడా తెలుస్తుంది. మొదటి స్వెటర్ అయితే నేను లేత రంగుకే ఓటేస్తాను.

కాల్చి చూసే పరీక్ష గురించి చాలామంది అడుగుతారు. స్పేర్ బటన్‌తో పాటు ఇచ్చే చిన్న దారం ముక్కతో ఇంట్లో చేయొచ్చు. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతే జంతువు ఊలు. కరిగి గట్టి పూసలా అయితే ఆక్రిలిక్ లాంటి కృత్రిమ దారం. కానీ మామూలు గొర్రె ఊలు కూడా కాష్మీర్ లాగానే కాలుతుంది. ఆ రెండిటి మధ్య తేడా లేబరేటరీ మైక్రోస్కోపు కిందే ఖాయంగా తేలుతుంది. ఈ పరీక్షతో ఆక్రిలిక్ లాంటి వాటి మోసం ఒక్కటే పట్టుకోగలరు.

కుట్లు

చంక దగ్గర తిరగేసి చూస్తే చాలు. మంచి స్వెటర్‌లో ముక్కల్ని ఆకారానికి తగ్గట్టే అల్లి, లూపు లూపుకీ కలిపి జోడిస్తారు. చంక వంపు వెంబడి బయటివైపు చిన్న చిన్న గుర్తులు వరసగా కనిపిస్తాయి. అల్లిక తగ్గించుకుంటూ వచ్చిన చోట్లవి. లోపల కుట్టు సన్నగా, చదునుగా ఉంటుంది. చవక పద్ధతిలో అల్లిన గుడ్డని కత్తిరించి ఓవర్‌లాక్ కొడతారు. లోపల లావు కట్ట, దారాల కొసలు కనిపిస్తాయి. కాష్మీర్‌ని అలా కుట్టడం చూస్తే, మిగతా పనిలో కూడా అంతే శ్రద్ధ పెట్టి ఉంటారని అనుకోవచ్చు. కార్డిగన్ అయితే బటన్ల పట్టీ వెనక గట్టి రిబ్బన్ ఉందో లేదో చూడండి. లేకపోతే పట్టీ అలలుగా వంకరపోతుంది.

ఒంటికి సరిపోవడం

ఇక్కడే మనవాళ్లు తొందరపడతారు. ఎం, ఎల్ అన్న అక్షరాలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. ఇంట్లో మీకు బాగా కుదిరిన స్వెటరో, టీషర్టో నేలమీద పరిచి, ఒక చంక నుంచి ఇంకో చంకకి టేపుతో కొలిచి రాసుకోండి. షాపులో కూడా అలాగే పరిచి కొలవండి. లోపల షర్టు వేసుకునేట్టయితే ఛాతీ చుట్టుకొలతకి మొత్తం మీద మూడు, నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి. ఒంటికి అంటిపెట్టుకునేట్టు కావాలంటే రెండంగుళాలు చాలు. అంతకంటే బిగుతుగా వద్దు. బిగుతుగా సాగిన చోట దారం సడలి, అక్కడే ఉండలు ముందు వస్తాయి.

భుజం కుట్టు భుజం ఎముక చివర నిలవాలి. పొట్ట కొంచెం ఉన్న మగవాళ్లు పొట్ట కోసం ఒక సైజు పెద్దది తీసుకుంటారు, అప్పుడు భుజాలు జారిపోయి ఎవరిదో తొడుక్కున్నట్టు ఉంటుంది. భుజాలకి సరిపడే సైజులో కార్డిగన్ తీసుకుని కింది రెండు బటన్లు వదిలేస్తే ఎంతో హుందాగా ఉంటుంది.

చేతులు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. ట్రయల్ రూమ్‌లో నిటారుగా నిలబడి చూసి వచ్చేయకండి. చేతులు పైకెత్తండి, ఎదురుగా కట్టుకోండి, స్టూలు మీద కూర్చోండి. స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకి చాపండి. ఈ ఊళ్లో చలి తగిలేది ముఖ్యంగా బండి మీదే కదా. అప్పుడు చేతి అంచు మణికట్టు వదిలి రెండంగుళాలు వెనక్కి పోతే పొట్టిదన్నమాట. వీపు కింద నడుము కనిపించినా అంతే.

చీర మీదకైతే తల మీంచి వేసుకునేది కొనకండి. జడ, బుట్టకమ్మలు, పిన్ను పెట్టిన పైట, ఇవన్నీ దాటుకుని వచ్చేసరికి ఎక్కడో ఒకచోట దారం లాగేస్తుంది. ముందు తెరిచి ఉండే కార్డిగనే నయం. ట్రయల్‌కి వెళ్లేరోజు చీర కట్టుకునే వెళ్లండి, చుడీదార్‌లో వెళ్లి చీరకి కొలత ఊహించుకోవద్దు. ఎడమ భుజం మీద పైట మడతలు కలిసి ఒక మందం వస్తుంది. ఆ మందంతో కూడా ఎడమ భుజం కుట్టు పైకి లేవకుండా ఉండాలి. జాకెట్టు చేతులు మోచేతి దాకా ఉండేవాళ్లు స్వెటర్ చేతి పైభాగంలో వేలు దూరేంత ఖాళీ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే జాకెట్టు చెయ్యి లోపల పైకి మడతపడిపోతుంది. పొడవు తుంటి ఎముక దాకా చాలు. అంతకంటే పొడవుంటే కారులో కూర్చున్నప్పుడు కుచ్చిళ్ల మీద ముద్దగా చేరుతుంది. జరీ అంచు పైట ఉంటే మాత్రం జాగ్రత్త, జరీ గరుకు సన్న కాష్మీర్‌ని గీరేస్తుంది. కార్డిగన్ కింద సిల్కు లేదా నూలు చీర ఏదైనా ఫరవాలేదు కానీ, భారీ జరీ చీరకి శాలువాయే తగినది.

చుడీదార్ వేసుకునేవాళ్లకి ఈ బాధలు లేవు. చున్నీ పిన్ను స్వెటర్‌కి పెట్టకుండా ఉంటే చాలు.

ధర

ఏ హంగూ లేని సాదా స్వెటర్ అయినా, పెద్ద రెడీమేడ్ కంపెనీల దగ్గర కూడా ఎనిమిది, పది వేల చుట్టూ ఉంటుంది. రెండు వేలకు కొత్త వంద శాతం కాష్మీర్ ఇస్తామంటే లేబుల్ అబద్ధం చెబుతోందనే అనుకోండి. యూబీ సిటీ లాంటి ఖరీదైన మాల్స్‌లో లక్ష దాటినవీ ఉంటాయి. అందులో కొంత నాణ్యత, కొంత పేరు. మీ బడ్జెట్ నాలుగైదు వేలే అయితే నాసి కాష్మీర్ కోసం పోకుండా మంచి మెరినో స్వెటర్ తీసుకోండి. పొడవు పోచ ఉన్న సన్న మెరినో, పొట్టి పోచ కాష్మీర్ కంటే ఎక్కువ ఏళ్లు వస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది. ఈ మాట నేను మా ఇంట్లోవాళ్లకీ చెబుతాను.

ఇంటికి తెచ్చాక

బిల్లు కట్టేముందే మార్పిడి గడువు అడిగి తెలుసుకోండి. ట్యాగ్ తీయకుండా ఇంట్లో మీరు ఏ బట్టల మీద వేసుకుంటారో వాటి మీదే వేసుకుని ఒక అరగంట తిరగండి. దురద వస్తోందా, మెడ జారుతోందా అన్నది అప్పుడే బయటపడుతుంది. రోజూ భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకునేవాళ్లు, మెడలో ఐడీ కార్డు వేసుకునేవాళ్లు ఆ రెండు చోట్లా ఉండలు వస్తాయని ముందే తెలుసుకోండి. మంచి స్వెటర్‌కి కూడా మొదట్లో చంకల కింద, పక్కల కొంచెం వస్తాయి. చేత్తో పీకకండి, పోచ ఇంకా లాగుతుంది. స్వెటర్ల దువ్వెనతో మెల్లగా తీయండి.

ఉతకడానికి ఈజీ లాంటి ఊలు ద్రవం కొంచెం గోరువెచ్చని నీళ్లలో కలిపి, పిండకుండా ముంచి తీసి, టవల్‌లో చుట్టి నీరు ఒత్తేసి, నీడలో పరిచి ఆరేయండి. హ్యాంగర్‌కి వేలాడదీస్తే భుజాల దగ్గర కొమ్ములు వస్తాయి. జూన్ నుంచి వాడకుండా లోపల పెట్టేటప్పుడు తప్పకుండా ఉతికి, బాగా ఆరాకే పెట్టండి. ఊలు తినే పురుగు చెమట, తిండి మరకలు ఉన్న చోటికే ముందు వస్తుంది. కలరా ఉండలు వేస్తే గుడ్డకి తగలకుండా చిన్న మూటలో కట్టి వేయండి.

మొదటి రెండు, మూడు ఉతుకుల్లో వదులుగా ఉన్న పోచలు రాలిపోతాయి కాబట్టి ఉండలు తగ్గాలి. తగ్గకుండా ప్రతిసారీ అంతే వస్తున్నాయంటే అది పొట్టి పోచ సరుకు. బిల్లు, ట్యాగు దాచి ఉంచితే అప్పుడైనా షాపులో గట్టిగా అడగడానికి ఉంటుంది.